పాతిపెట్టిన చోటు

వంశచరిత్ర అంటే మన దేశంలో చాలాకాలం ఆస్తిగలవాళ్ళ చరిత్రే. రాజులకు భట్రాజులుండేవారు. శ్రాద్ధం పెట్టేవారు తండ్రి, తాత, ముత్తాతల పేర్లు చెప్పి తీరాలి గనుక వారికి మూడు తరాలు జ్ఞాపకముంటాయి. పాతిపెట్టే కులాల సంగతి వేరు. డక్కలివారి నోట మాదిగల కులపురాణం నిలిచింది. కాని ఫలానా పాలేరు ఫలానా దిబ్బకింద ఉన్నాడని ఏ పురాణమూ చెప్పదు.

విజయనగరం జిల్లాలో మా పెద్దలను పాతిన చోట్లు నేను వెతకటం భక్తితో మొదలుకాలేదు. వూరి శ్మశానంలో సగం జీడితోట అయిపోయింది. మాలపేటలో ఎవరు పోయినా శవాన్ని ఏ దారిన తీసుకుపోవాలన్నది తగువు. ఆ నేల శ్మశానమని రుజువు చెయ్యాలంటే అందులో ఎవరెవరున్నారో చెప్పాలి.

విచిత్రమేమంటే, ముందు దొరికిన కాయితం వూరిది కాదు, దక్షిణాఫ్రికాలోని నేటాల్‌ది. మా ముత్తాత తమ్ముడొకడు అక్కడికి చెరకు కూలీగా పోయాడు. మద్రాసునుంచి ‘ట్రూరో’ అనే ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది మొదలు 1911 దాకా 1,52,184 మంది అలా వెళ్ళారు. అయిదేళ్ళ గిర్మిట్, మొదటి యేడు నెలకు పది షిల్లింగులు. ఓడ జాబితాలో ప్రతి మనిషికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, వూరు, ఒంటిమీది మచ్చలు. సంతలో పశువుకు చూసే ఆనవాళ్ళకూ వీటికీ ఆట్టే తేడా లేదు. అయినా ఆ తండ్రి పేరు గడిలోనే, గుమాస్తా వంకర ఇంగ్లీషు అక్షరాల్లో, మా ఇంట్లో ఎవరూ ఎరగని పేరొకటి కనిపించింది. ముత్తాతకు పైన ఒక మనిషి ఉన్నాడని మాకు చెప్పింది తోటల యజమానుల కోసం రాసిన లెక్క!

ఆ తమ్ముడు పోయిన తేదీ ఉంది, తోట పేరుంది. పాతిన చోటు మాత్రం లేదు. మనిషికి వేసిన నంబరు దిబ్బకు వెయ్యలేదు.

ఇక వూళ్ళో ఉండిపోయిన అన్న సంగతి. మాది విజయనగరం జమీందారీలో వూరు. జమీందారుకు కావలసింది శిస్తు; శ్మశానం శిస్తు ఇవ్వదు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం ప్రకారం ఉమ్మడి భూములూ పోరంబోకులూ ప్రభుత్వానికి రావాలి. వచ్చాయి కూడా. కాని సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ తీయించి చూస్తే మా శ్మశానంలో తూర్పు సగం జిరాయితీ అని, ఒక పెద్దరైతు పేర ఉంది. ఎలా జరిగిందని ఆశ్చర్యపోవలసిన పని లేదు. గొలుసు పట్టుకొచ్చిన సర్వే వాళ్ళకు హద్దులు చూపించింది కరణం. మాలపేట వాళ్ళను ఎవరూ పిలవలేదు. చట్టం జమీందారును తీసేసింది గాని కరణం చేతిలో కలాన్ని తీసెయ్యలేదు.

ఇప్పుడు ఉమ్మి పరీక్ష చేసి పూర్వీకులు ఏ ఖండంవారో చెప్పే వ్యాపారం కూడా వచ్చింది. ఖండం చెబుతారు, సర్వే నంబరు చెప్పరు.

మాకు మిగిలింది ముసలివాళ్ళ మాట. మా పెద్దత్త అన్నది: “మీ ముత్తాతని తాటిచెట్టు మొదట్లో ఎట్టినార్రా నాయనా. చెట్టు నరికీసినారు. ఇంక నానేటి సూపింతాను?” తాటిచెట్టు పడమటి సగంలో ఉండేదని ఒకరు, కాదు తూర్పునేనని ముగ్గురు. ఇంటింటికీ తిరిగి నలభై రెండు పేర్లు రాశాం. ఆడవాళ్ళ పేర్లు తక్కువ వచ్చాయి. చాలామంది ఫలానావాడి తల్లి, ఫలానావాడి పెళ్ళాం. వాళ్ళను అలాగే రాశాం.

అర్జీ తహసీల్దారు కచేరీలో ఉంది. కొలతకు సర్వేయరు రావాలి. ఈలోగా తోటలో కొత్త మొక్కలకు గోతులు తవ్వుతున్నారు. తవ్వినప్పుడల్లా కుండపెంకులూ ఎముకలూ పైకి వస్తున్నాయి. పేట కుర్రవాళ్ళు గట్టుమీద నిలబడి ఏ గోతిలో ఏమి వచ్చిందో తేదీ వేసి నోటుబుక్కులో రాస్తున్నారు.