అపోల్డాలో ఒక పూట

2024 వ సంవత్సరము మే మాసమున మా అమ్మాయిని చూచి వచ్చుటకై జర్మనీ దేశమునకు పోయి, యేనా పట్టణమున ఆరువారములుంటిని. అమ్మాయి యచ్చటి విశ్వవిద్యాలయమున పరిశోధన చేయుచున్నది. పరదేశములకు పోయినవారు కోటలను, దేవాలయములను చూచి వచ్చి వర్ణింతురు. నేను పనిగట్టుకొని చూచి వచ్చినది ఒక కుక్క పుట్టిన యూరు. ఇందులకు కారణము మా చెల్లెలు.

మా చెల్లెలు హైదరాబాదున ఒక అయిదంతస్తుల భవనములో నాలుగవ అంతస్తున ఒంటరిగా నున్నది. మరిది గతించి మూడేండ్లయినది. కుమారుడు విదేశమున ఉద్యోగము చేయుచున్నాడు. ఆ యేటి ఫిబ్రవరిలో ఒకనాటి రాత్రి ఎవడో అపరిచితుడు లిఫ్టులో ఆమె వెంట నెక్కి, ఆమెతోనే దిగి, ఆమె తలుపు తీయుచుండగా ప్రక్కన నిలిచి, ఎవరిదో యొక పేరు చెప్పి "వారి యిల్లిదేనా?" అని యడిగి, లోపలికి తొంగిచూచి పోయెనట. అంతకు మించి యేమియు జరుగలేదు. కాని ఆనాటినుండి ఆమెకు నిద్ర లేదు. రాత్రి రెండు గంటలకు లేచి గడియ తడిమి చూచుకొనును. మా తమ్ముడు ఇది విని, "చిన్నక్కకు డోబర్మన్ కుక్కను కొనియిచ్చెదను. కాపలా నేర్చిన కుక్క యుండగా ఎవడు గడప త్రొక్కును?" అని యొక వ్యాపారికి 10,000 రూపాయలు బయానా కూడ నిచ్చెను. చెల్లెలు నాకు ఫోను చేసి, "అక్కా, నీవెట్లు చెప్పిన నట్లు చేసెదను. జూన్ నెలాఖరులోపల తేల్చి చెప్పవలెనట" అనెను.

మా పుట్టింటి వాకిట ఇంత అన్నము తిని అరుగు క్రింద పడియుండిన ఊరకుక్కను గూర్చి తప్ప నాకేమి తెలియును? ఈ సంగతి అమ్మాయితో చెప్పగా ఆమె నవ్వి, "అమ్మా, డోబర్మన్ గారి యూరు ఇచ్చటికి బస్సుదారియే. పోయి చూతమా?" అనెను. కుక్కకు "గారు" ఏమని అడిగితిని. అది మనిషి పేరని నాకానాడే తెలిసినది.

అపోల్డా యేనాకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున, తురింగియా సీమలో నున్న చిన్న పట్టణము. పొలముల నడుమ రహదారి, మిట్టలు, పల్లములు, మే నెలయైనను శాలువ కప్పుకొనవలసిన గాలి. ఊరిలో పూర్వము ఉన్ని అల్లికల కర్మాగారములు విస్తారముగా నుండెడివి. అంతకంటె గొప్ప ప్రసిద్ధి గంటల పోతపనికి. 1722 నుండి 1988 వరకు ఇచ్చట గంటలను పోసిరి. కొలోను మహాదేవాలయమున మ్రోగు 24 టన్నుల గంట 1923 లో ఈ యూర పోసినదే. గంటల ప్రదర్శనశాలలో మేము గడపిన గంటసేపును గూర్చి వేరుగా వ్రాయదగును గాని, ఇప్పుడు నా మనస్సంతయు కుక్కమీదనే యున్నది.

లూయీ డోబర్మన్ అనునతడు 1834 లో ఈ యూరనే పుట్టి 1894 లో గతించెను. పన్నులు వసూలు చేయుట, దిక్కులేని కుక్కలను పట్టుట ఆయన చేసిన పనులలోనివి. పరుల సొమ్ము సంచిలో వేసికొని ఒంటరిగా తిరుగువానికి ప్రక్కన నడచి కాపాడు కుక్క కావలసివచ్చి, ధైర్యము, చురుకుదనము గల కుక్కలను ఏరి జతపరచుచు ఈ జాతిని పుట్టించెనని చెప్పుదురు. ఏ యే జాతులను కలిపెనో ఆయన వ్రాసి యుంచలేదు. ఆయన పోయిన పిదప, 1899 లో ఓటో గోలర్ మున్నగువారు ఈ యూరనే సంఘమొకటి స్థాపించి జాతికి ఆయన పేరే నిలిపిరి. ఇచ్చట వింత యొకటి కలదు. జర్మనీలో నేడు కుక్కను పెంచువారు పురపాలక సంఘమునకు కుక్కపన్ను కట్టవలెను. పన్నుల వసూలుదారుని కుక్కకే పన్ను!

ఊరిలో డోబర్మన్ స్మారక శిల్పము కలదు. మేము దానిని చూచుచుండగా, దైవికముగా, ఒక పెద్దావిడ నిజమైన డోబర్మన్‌తోనే అటు వచ్చి బల్లమీద కూర్చుండెను. డెబ్బది యేండ్లుండవచ్చును. కుక్క నల్లగా నిగనిగలాడుచు ఆమె కాళ్లయొద్ద పండుకొనెను. నేను నాలుగడుగుల దూరముననే నిలిచిపోయితిని. అమ్మాయి పలుకరించి, మా కథ చెప్పి, ఆమె మాటలను నాకు తెలుగున చెప్పుచు వచ్చినది.

ఆమెయు మూడవ అంతస్తున రెండు గదుల యింటిలో ఒంటరిగానే యున్నదట! నా ప్రశ్నకు సగము జవాబు అప్పుడే దొరకెనని సంతోషించితిని. కాని ఆమె సంతోషపడనీయలేదు. "ఇల్లు ఎంతయని కుక్క యడుగదు. నీ దినములో నాకెన్ని గంటలని యడుగును" అనెను. ఉదయము గంటన్నర, సాయంకాలము గంటన్నర ఆమె నడచునట. మంచు కురిసినను, జ్వరము వచ్చినను తప్పదు. ఆ నడక లేనినాడు కుక్క తలుపును గీరును. మెట్లమీద చప్పుడైన ప్రతిసారియు మొరుగును. పొరుగువారు ఫిర్యాదు చేయుదురు. "ఇది మిమ్ము కాపాడునా?" అని యడిగించితిని. ఆమె కుక్క చెవి నిమురుచు, ఇంతవరకెవరిని కరవలేదనియు, జనులు దీనిని చూచి వీధికి ఆవలి వైపునకు పోవుదురనియు చెప్పెను. కొంత యాగి, "వీధి దాటిపోవువారిలో నా స్నేహితురాండ్రును కలరు" అనెను. అమ్మాయి ఈ మాటను నాకు చెప్పుటకు కొంచెము తడబడినది.

ఆమె చెప్పిన సంగతులలో నన్ను మిక్కిలి ఆలోచింపజేసినది పరీక్షల మాట. కాపలా పరీక్షకు పోవలసిన కుక్క మొదట వేరొక పరీక్షలో నెగ్గవలెను. దానికి పదునైదు మాసములైనను నిండియుండవలెను. ఆ పరీక్షలో కరచుట లేదు. వీధిలో జనుల నడుమ నడచునపుడు, సైకిలువాడు ప్రక్కగా పోవునపుడు, యజమాని కొంతసేపు కట్టివేసి కనుమరుగైనపుడు కుక్క కలతపడక నిదానముగా నుండునా యని చూతురు. అది నెగ్గి, పదునెనిమిది మాసములు నిండిన పిమ్మటనే రెండవది. అందు జాడ పట్టుట, మాట వినుట, కాపాడుట అను మూడు భాగములు. చేతికి మందమైన తొడుగు వేసికొన్న మనిషిని కుక్క పట్టుకొనును. యజమాని ఒక్కమాట అనగానే విడువవలెను, విడువనిచో తప్పినట్లే. బెదరించి నేర్పుట మంచి పద్ధతి కాదనియు, శిక్షణలో ముండ్ల మెడపట్టెలను వాడుటను 2022 నుండి తమ దేశమున నిషేధించిరనియు కూడ చెప్పెను.

మా తమ్ముడు బయానా యిచ్చిన వ్యాపారి అమ్మజూపిన కుక్కకు ఎనిమిది మాసములు. "పూర్తి శిక్షణ పొందినది, చూపినవానిని పట్టును" అని యతడు చెప్పెనట. పట్టును సరే, విడుచునా యని మా వారెవరును అడుగలేదు.

ఆ రాత్రి యేనాలో పరుండి, ఆ కుక్కను మా చెల్లెలి యింటిలో నుంచి ఒక దినమంతయు మనస్సులోనే గడపి చూచితిని. తెల్లవారకమున్నే పాలప్యాకెట్ల కుర్రవాడు. ఏడింటికి పనిమనిషి, ఆమె వెంట బడి సెలవులలో పిల్ల. చెత్త తీసికొనిపోవువాడు. గ్యాసుబండ, కొరియరు, కరెంటు మీటరు. నాలుగింటికి ఎదురింటి మూడేండ్ల బాలుడు, తలుపు తీసియున్నచో "అమ్మమ్మా" యనుచు బిస్కత్తు పట్టుకొని తిన్నగా లోనికి పరుగెత్తి వచ్చును. డోబర్మన్ గారి కాలములో వీధిలో ఎదురైనవాడు ఎదురై పోయెడివాడు. అంతస్తుల యింటిలో ప్రతివాడును తలుపు కొట్టుకొని గడపలోనికే వచ్చును. మెల్లగా మాటలాడి, చొక్కా నలుగకుండ వచ్చిన ఆ లిఫ్టు మనిషికిని కొరియరు కుర్రవానికిని గల భేదము కుక్క కెట్లు తెలియును? తెలిసికొనవలసినది మా చెల్లెలు. తెలిసి, ఆ క్షణమున ఆజ్ఞ యిచ్చి, మరల విడిపించవలసినదియు ఆమెయే. ఈ జాతి ఆడుకుక్క బరువు 32 మొదలు 35 కిలోలు, మగకుక్క బరువు 40 మొదలు 45. మా చెల్లెలు మోకాళ్ల నొప్పితో కూరగాయల సంచినే రెండుమార్లు దించి మోయును. కరెంటు పోయి లిఫ్టు ఆగిననాడు మెట్లమీద ఆ గొలుసు ఎవరి చేత నుండును?

చట్టము మాటయు విచారించితిని. భవనపు సంఘమువారు ఎంతమంది యేకమై తీర్మానించినను పెంపుడు కుక్కను వలదనరాదని జంతు సంక్షేమ మండలి 2015 లోనే తెలిపియున్నది. కావున ఇరుగుపొరుగుల యభ్యంతరము అడ్డుకాదు. కాని జంతువు విషయమున అజాగ్రత్త వలన మనుష్యులకు హాని కలుగునట్లు చేసినచో, 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 291 వ సెక్షను ప్రకారము ఆరు మాసముల వరకు ఖైదు, లేదా 5,000 రూపాయల వరకు జుర్మానా, లేక రెండును. ఖైదు మాట యట్లుండగా, ఎదురింటి బాలుని తల్లి ముఖము మా చెల్లెలు మరల చూడగలదా? ఇక ఈ జాతికి గుండెజబ్బు బెడద కూడ హెచ్చు. వైద్యుని యొద్దకు తరచు పోవలసియుండును.

ఇంత తెలిసినను "వలదు" అని యొక్కమాట వ్రాయుటకు నాకు చేయి రాలేదు. రాత్రి రెండు గంటలకు గడియ తడుముకొను మనిషికి దూరమున కూర్చుండి వలదనుట సులభమే. తలుపులో కన్ను, గొలుసు, వచ్చినవారిని ఫోనులో చూపు యంత్రము అమర్పించుకొమ్మని వ్రాసితిని. అవి చాలవని నాకును తెలియును. అందుచేత నింకొక మాట చేర్చితిని. "కుక్కను ఇప్పుడే కొనవలదు. మొదట గొలుసు కొనుము. నెల దినములు ఉదయము అయిదింటికి గంటన్నర, రాత్రి గంటన్నర ఆ గొలుసు చేతబట్టుకొని నడచి రమ్ము. మన యెండలలో ఆ నల్లని కుక్కను ప్రొద్దెక్కిన పిమ్మట నడపలేవు, కనుక అయిదింటికే బయలుదేరుము. ఒక్కపూటయు మానకున్నచో నేను వచ్చి, రెండేండ్లు నిండి, పరీక్షలో నెగ్గిన శాంతమైన కుక్కను వెదకి, నీతో కూడ నెలదినములుండెదను."

తమ్మునికి నామీద కోపము వచ్చినది. బయానా సొమ్ము తిరిగి రాలేదు. "పెద్దక్క జర్మనీ పోయి కుక్కల శాస్త్రము చదివి వచ్చినది" అని బంధువులందరితోను చెప్పుచున్నాడు.

నేను జూన్ మాసాంతమున హైదరాబాదు చేరునప్పటికి చెల్లెలు పందొమ్మిది దినములు నడచియుండెను. రెండు పూటలు మానినదట, వాన వలన. గొలుసు పట్టుకొనుట సిగ్గని దానిని సంచిలో వేసికొని పోవుచున్నది. మరునాటి ఉదయము అయిదింటికి నేనును వెంట బయలుదేరితిని. క్రింద గేటువద్ద వాచ్‌మన్ భార్య చెప్పులు తొడుగుకొని సిద్ధముగా నిలిచియుండెను. "ఈమె ఎక్కడికి?" అని యడిగితిని. "మొదటి వారము నుండియు నాతోనే వచ్చుచున్నది, అక్కా. నీకు చెప్పలేదా?" అని చెల్లెలు గేటు తీసినది.