కోకిల తేనెటీగకి పేరెలా పెట్టాలి?

మొన్న సాయంత్రం మేడ మీద తులసి పుల్లని దవడలతో కరిచిపట్టుకుని ఓ తేనెటీగ నిద్రపోతోంది. నల్లటి ఒంటి మీద నీలం చుక్కలు. థైరియస్! కోకిల తేనెటీగ అన్నమాట. అమెగిల్లా తేనెటీగల మట్టిగూట్లో గుడ్డు పెట్టేసి పోతుంది, పిల్ల వాళ్ళ తిండి తిని పెరుగుతుంది. అందుకే దీని కాళ్ళకి పుప్పొడి మోసే బొచ్చు కూడా ఉండదు.

ఉత్సాహం కొద్దీ 'థైరియస్ హిస్ట్రియో' అని రాసేసుకున్నా. తర్వాత చదివితే తెలిసింది, చుక్కలు చూస్తే సరిపోదట. వీపు వెనక పలక ఆకారం చూడాలి, ఒక్కోసారి మగదాని జననాంగాలూ చూడాలి. అంటే చంపి సూదికి గుచ్చాలి. బగ్గుల్ని చంపడం నా ఉద్యోగమే గానీ, ఇది నావల్ల కాదు బాబూ! అలాగని తప్పు పేరు రికార్డుకెక్కితే రేపు ఇంకొకడు దాన్నే నమ్ముతాడు. హిస్ట్రియో కొట్టేశా. థైరియస్, తేదీ, చోటు, తులసి. అంతే ఉంచా.

ఈసారి కనిపిస్తే వీపు వెనకనించి కూడా ఫొటో తియ్యాలి.