బొందల పెట్టకు బిడ్డా!

‘‘నన్ను మాత్రం బొందల పెట్టకు బిడ్డా, ఊపిరాడదు. కాలబెట్టు. కాళేశ్వరంల కలుపు.’’

మడికొండలో మా ఇంటి వాకిట్లో కూర్చుని, మెట్టుగుట్ట వైపు చూస్తూ అమ్మ ఈ మాట అంటే నవ్వొచ్చింది. చనిపోయాక ఊపిరేంటి? కానీ అమ్మది ఉబ్బసం. జీవితమంతా గాలి కోసం కొట్లాడిన మనిషి. నవ్వు ఆగిపోయింది.

బాపు కాజీపేట రైల్వేలో పనిచేశాడు. పుట్టు క్యాథలిక్. అమ్మ పెళ్లప్పుడు జ్ఞానస్నానం తీసుకుంది. నలభై ఏళ్లుగా ఆదివారం పూజ తప్పలేదు. బాపును మాత్రం మట్టిలోనే పెట్టాం. అమ్మమ్మను మేనమామలు దహనం చేసి, గోదావరి, ప్రాణహిత కలిసే కాళేశ్వరంలో కలిపారు.

దహనానికి గుడి ఒప్పుకోదనే నేనూ అనుకున్నాను. ఫాతిమానగర్ వెళ్లి ఫాదర్ గారిని అడిగితే, 1963లోనే రోము ఆ నిషేధం తీసేసిందన్నారు. 1983 నాటి చట్టంలోనూ ఆ అనుమతి ఉంది. క్రీస్తు సమాధి నుంచి లేచాడు గనుక ఖననమే మేలంటారు. పునరుత్థానాన్ని కాదనడానికైతే తప్ప దహనం తప్పు కాదు. కోవిడ్ రోజుల్లో, 2020 జులైలో, కేరళలోని అలప్పుళ పీఠం దహనం చేసి అస్థికలను విచారణ శ్మశానంలో పూడ్చాలని నిర్ణయించింది.

చిక్కల్లా కాళేశ్వరం దగ్గరే. 2016లో వచ్చిన ఆదేశం ప్రకారం బూడిదను గాల్లో చల్లకూడదు, నీళ్లలో కలపకూడదు, పవిత్ర స్థలంలో ఉంచాలి. 2023 డిసెంబరులో కొంత సడలించారు. పోయినవారికి ఆత్మీయమైన చోట కొద్ది భాగం దాచుకుంటామని కుటుంబం అడగొచ్చట. దాచుకోవడం వేరు కదా, కలపడం వేరు.

నిప్పుకు ఒప్పుకున్న గుడి నీటికెందుకు ఒప్పుకోదో నాకు మింగుడుపడలేదు. ఫాదర్ గారు కోప్పడలేదు. ‘‘పేరు పెట్టి పిలిచే చోటు ఒకటి ఉండాలి కదమ్మా’’ అన్నారు. అదీ నిజమే. బాపు సమాధి లేకపోతే నేనెక్కడికి వెళ్లేదాన్ని?

అమ్మకు అంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు.

‘‘మరి మా అవ్వ ఆడ నాకోసం సూడదా?’’ అంది చివరికి.

నా దగ్గర జవాబు లేదు.

ఆ నవంబరు 2న, సమాధుల పండక్కి, బంతిపూలతో బాపు దగ్గరికి వెళ్లాం. అమ్మ సిలువ పక్కన నేలను జానతో కొలిచింది. ‘‘బూడిదకు ఇంత జాగ సాలదా?’’ అంది. సాలుతదన్నాను. ఇంకో కొవ్వొత్తి ఇవ్వమంది. వాళ్లవ్వ పేరు చెప్పి, దాన్ని బాపు సమాధి మీదే వెలిగించింది.