తుమ్ములూ, నొప్పులూ, మాత్రల డబ్బా

మగవాళ్ళ జబ్బుల గురించి ఆడవాళ్ళు మాట్లాడకూడదని ఏ శాస్త్రంలోనూ రాసినట్టు లేదు. రాసినా పాటించడం కష్టమే. ఆ జబ్బులకు కషాయాలు కాచేదీ, మాత్రలు వేళకు అందించేదీ మనమే కదా! మగవాడికి తలనొప్పి వస్తే వీధంతా తెలుస్తుంది. అదే నడుము కింద నొప్పి వస్తే కట్టుకున్న పెళ్ళానికి కూడా తెలియనివ్వడు.

మా ఆయన రైల్వేలో పనిచేస్తారు. రేణిగుంటలో ఇదేమీ వింత కాదు. ఇక్కడ చాలా ఇళ్ళలో గడియారం కన్నా బండి కూతనే ఎక్కువ నమ్ముతాం. ఆయనకు తుమ్ములు పాత చుట్టాలు. ఖాళీ స్థలాల్లో వయ్యారిభామ తెల్లగా పూసిందంటే చాలు, పొద్దున్నే మొదలు. ఇంత దిక్కుమాలిన మొక్కకు అంత చక్కటి పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ, దాని పుప్పొడి కొందరికి తుమ్ములు తెప్పిస్తుంది, తాకితే కొందరికి దద్దుర్లు లేస్తాయి.

ఆ తుమ్ములకు తోడు రెండేళ్ళ కిందట పొత్తికడుపు కింద నొప్పి, మూత్రంలో మంట, రాత్రిళ్ళు నాలుగైదుసార్లు లేవడం మొదలయ్యాయి. ఆయన నోరు విప్పలేదు. మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ మాత్రలు తెచ్చి మింగారు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది. ఇంకో రకం మింగారు. ఈ కథంతా ఉతకడానికి వేసిన చొక్కాల జేబుల్లో దొరికిన ఖాళీ స్ట్రిప్పులు నాకు చెప్పాయి.

మనసు ఆగక పక్కింటి అక్కతో అంటే ఆమె క్షణంలో తేల్చేసింది. "ఏముంది అమ్మణ్ణీ, ఆ మాత్రలు మింగి మింగి ఒంటికి ఎలర్జీ పట్టింది. తుమ్ములూ దాన్నుంచే, ఆ నొప్పీ దాన్నుంచే!"

ఈ మాటలో నిజమెంత? తిరుపతిలో పెద్ద డాక్టరుగారి దగ్గరికి ఆయన్ని బలవంతాన లాక్కెళ్ళాక, నేను తెలుసుకున్నది చెబుతాను.

ప్రోస్టేట్ గ్రంథి మూత్రాశయం కింద పెద్ద ఉసిరికాయంత ఉంటుంది. ముసలితనంలో అది పెరుగుతుందని అందరికీ తెలుసు. కానీ యాభై లోపు వాళ్ళకు కూడా అక్కడ వాపూ నొప్పీ రావచ్చు. 1995లో అమెరికా వైద్య నిపుణులు ఈ జబ్బును నాలుగు రకాలుగా విడదీశారు. మొదటిది హఠాత్తుగా వచ్చేది: చలిజ్వరం, మూత్రం బిగుసుకుపోవడం. ఇది క్రిముల పనే, ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి. రెండోది క్రిములు దాక్కుని మళ్ళీమళ్ళీ తెచ్చేది. దీనికి వారాల తరబడి యాంటీబయాటిక్ వాడాల్సిందే. మూడోది నెలల తరబడి నొప్పి ఉన్నా పరీక్షలో క్రిములు దొరకనిది. నాలుగోదానికి బాధే ఉండదు, వేరే పరీక్షల్లో బయటపడుతుంది. తమాషా ఏమిటంటే, ఈ నొప్పితో బాధపడేవాళ్ళలో నూటికి తొంభైమందికి పైగా మూడో రకం వాళ్ళే!

మరి క్రిమి లేనిచోట క్రిములను చంపే మందెందుకు? 2004లో అమెరికాలో 196 మంది మీద జరిపిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. ఆరు వారాలు సిప్రోఫ్లాక్సాసిన్ వాడినవాళ్ళకు, మందులేని ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్ళ కంటే చెప్పుకోదగ్గ మేలేమీ కలగలేదు. ఈ నొప్పి తనంతట తాను తగ్గుతూ హెచ్చుతూ ఉంటుంది. తగ్గినప్పుడు చేతిలో ఏ మాత్ర ఉంటే దానికే పేరొస్తుంది.

ఇక ఎలర్జీ సంగతి. ఈ నొప్పి ఉన్న మగవాళ్ళలో సైనసు బాధలు ఇతరుల కంటే కొంత ఎక్కువగా కనిపించాయని కొన్ని అధ్యయనాలు చెబుతున్నాయి. ఎలర్జీలో దురదా వాపూ పుట్టించే మాస్ట్ కణాలకు ఈ నొప్పిలో కూడా పాత్ర ఉందేమోనని శాస్త్రజ్ఞుల అనుమానం. ఆడవాళ్ళకూ ఇలాంటి బాధ ఉంది సుమా! కల్చర్ పరీక్షలో ఏమీ రాకపోయినా మూత్రాశయంలో నొప్పీ మంటా వదలని వాళ్ళున్నారు. వాళ్ళలోనూ ఎలర్జీలు ఎక్కువే. అలాగే పసితనంలో యాంటీబయాటిక్స్ ఎక్కువ వాడిన పిల్లలకు ఉబ్బసం, ఎలర్జీలు ఎక్కువని కొన్ని లెక్కలున్నాయి. పేగుల్లోని మంచి క్రిములు కూడా చచ్చిపోవడం కారణం కావచ్చునంటారు. కానీ ఆ పిల్లలకు ముందే పిల్లికూతలుండి, అందుకే మందులు పడ్డాయేమో కదా?

రేణిగుంటలో గూడూరు బండీ, గుంతకల్లు బండీ పక్కపక్కన ఆగినంత మాత్రాన రెండూ ఒకే ఊరినుంచి వచ్చినట్టు కాదు. తుమ్మూ నొప్పీ ఒకే ఒంట్లో కలిసినా అంతే. సంబంధం ఉండొచ్చు, రుజువు మాత్రం ఇంకా కాలేదు. అక్క మాట పూర్తిగా కొట్టిపారెయ్యలేను, తలకెత్తుకోనూ లేను.

రుజువైన సంబంధం ఒకటుంది, అది వంటింటి అలమారలోనే ఉంది. జలుబుకూ తుమ్ములకూ వేసుకునే కొన్ని మాత్రలు ప్రోస్టేట్ బాధ ఉన్న మగవాళ్ళకు మూత్రం బిగబట్టేలా చేస్తాయి. మా ఆయన వేసుకునేది కూడా అలాంటిదే. డాక్టరుగారు దాన్ని మార్చాక రాత్రి లేవడం సగానికి తగ్గింది.

యాంటీబయాటిక్స్ మీద నాకు కోపం లేదు. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధనశాలలోంచే 1948లో ఆరియోమైసిన్ వచ్చి ఎన్నో ప్రాణాలు నిలిపింది. ఆ మందులు పాడవకుండా చూసుకోవాలనే నా బాధంతా. హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధిచేసి వదిలే నీటిని స్వీడన్ శాస్త్రజ్ఞులు పరీక్షిస్తే, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో తేలింది. నీళ్ళలో కలిసినా, అక్కరలేని కడుపులో పడినా క్రిములు ఆ మందుకు అలవాటుపడి మొండికేస్తాయి. రేపు మన బిడ్డకు నిజంగా అవసరమైన రోజున అది పనిచెయ్యదు. పైగా ఈ జాతి మందులు కొందరికి మడమ పైనుండే నరం లాంటి కండర బంధాన్ని దెబ్బతీస్తాయని 2008లోనే అమెరికా ప్రభుత్వం హెచ్చరించింది.

అందుకని ఒక చిన్న మాట. స్ట్రిప్పు మీద నిలువునా ఎర్రగీత ఉందేమో చూడండి. డాక్టరు చీటీ లేకుండా వాడవద్దని దాని అర్థం. 2016లో మన ప్రభుత్వం దీన్ని ప్రచారం చేసింది. డాక్టరు రాస్తే మధ్యలో మానిపించకండి, కానీ "పరీక్షలో క్రిమి దొరికిందాండీ?" అని అడగండి. అడిగితే ఏ మంచి డాక్టరూ కోప్పడరు.

మా ఆయనకు క్రిమి దొరకలేదు. గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో కాసేపు కూర్చోవడం, పొత్తికడుపు అడుగు కండరాలను వదులు చేసే వ్యాయామం, మూత్రం సాఫీగా రావడానికి ఒక మాత్ర, గంటల తరబడి కుర్చీకి అతుక్కుపోకుండా నడక. ఇదీ వైద్యం. పూర్తిగా పోయిందని చెప్పను, నిద్ర మాత్రం పడుతోంది.

అన్నిటికంటే పెద్ద మందు డాక్టరుగారు చెప్పిన ఒక్క మాట: "ఇది చెడు తిరుగుళ్ళ వల్ల వచ్చింది కాదమ్మా, మీకు అంటుకునేదీ కాదు." ఆ మాట వినగానే మా ఆయన ముఖం చూడాలి! రెండేళ్ళుగా ఆయన దాచుకున్నది నొప్పిని కాదు, నేనేమనుకుంటానో అన్న భయాన్ని. ఎందరి ఇళ్ళలో ఎందరు మగవాళ్ళు ఈ భయంతోనే పెళ్ళాం మీద విసుక్కుంటూ, విడిగా పడుకుంటూ, చాటుగా మాత్రలు మింగుతున్నారో! మీ ఇంట్లోనూ అలా ఉంటే కోపగించుకోకుండా ముందు మీరే అడగండి. వాళ్ళు చెప్పరు గానీ, అడిగితే బాగుండునని ఎదురుచూస్తూ ఉంటారు, పాపం.