రీమ్యాప్ కరామత్

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు మా భాంజా డీజిల్ స్విఫ్ట్‌లో పోతున్నాం. కిరాయి బండి, ఆ ఇంటికి అదే రోజీ. "మామూ, రీమ్యాప్ చేయిస్తే 75 గుర్రాల బండి వంద గుర్రాలది అయితాదంట. అమ్మీ కంగన్లు కుదువ పెడతానంటోంది" అన్నాడు. నా దిల్ ధక్‌మంది.

దావా పూరా ఝూట్ కాదు. టర్బో డీజిల్‌లో కంప్యూటర్ లెక్కలు మార్చి గాలి ఒత్తిడి, ఇంధనం పెంచితే తాకత్ నిజంగానే పెరుగుతుంది. టర్బో లేని పెట్రోల్ బండికి మాత్రం దక్కేది నామ్‌కేవాస్తే. ఇదే 1248 సీసీ ఇంజన్‌ను మారుతి ఎర్టిగాలో 90 గుర్రాలకు అమ్మింది. అయితే టర్బోనే మార్చి. ఉత్త సాఫ్ట్‌వేర్‌తో కాదు.

ఇష్తెహార్‌లో "30 శాతం వరకు" అని ఉంది. చాలాకీ అంతా ఆ "వరకు"లోనే.

"చక్రాల తాకత్ కొలిచే డైనో మీదికి నీ బండినే ఎక్కించి, ముందూ తర్వాతా గ్రాఫ్ ఇస్తారా, అడుగు" అన్నాను. శిరివెళ్ల దగ్గర ఆపి ఫోన్ చేశాడు.

"నడిపితే మీకే తెలుస్తుంది సార్" అన్నాడట అవతలి సాహెబ్. పాత క్లచ్ ఆ జోరు ఓర్చుకుంటుందా అంటే జవాబే లేదు.

ఆళ్లగడ్డలో బానెట్ ఎత్తించాను. ఎయిర్ ఫిల్టర్ నిండా దుమ్ము. కొత్తది వేయించి, ఆపాకు ఫోన్ చేశాను, కంగన్లు చేతికే ఉండనీ అని. భాంజా వాపసీ దారంతా నాతో మాట్లాడలేదు.