'ఇఫ్' తర్వాత ఎవరు?

"ముందే చెప్తే వస్తుంటి గద!" పెళ్లికి రాని చుట్టం సిద్దిపేటలో అనే మాట ఇది. చెప్పలేదనీ, రాలేదనీ, బాధగా ఉందనీ ఆ 'వస్తుంటి'తోనే తెలిసిపోతుంది. ఇంగ్లిష్‌కు ఇంకాస్త సరంజామా కావాలి: 'ఇఫ్ యూ హాడ్ టోల్డ్ మీ, ఐ వుడ్ హావ్ కమ్'. ఇఫ్ ఉన్న సగంలో హాడ్, రెండో సగంలో వుడ్ హావ్. చాలామంది రెండుచోట్లా వుడ్ పెట్టేస్తారు. అది దిద్దుకోవచ్చు.

అసలు చిక్కు వేరు. ఆ మాటలో బాధ ఉంది, తప్పు మాత్రం చెప్పనివాళ్లది. 'ఇఫ్ ఐ హాడ్ ఆస్క్డ్' అంటే, అడగనిది తనేనని ఒప్పుకోవడం. 'ఇఫ్ ఐ హర్ట్ యూ, సారీ'లో నొప్పించానన్న ఒప్పుకోలే లేదు. ఎడమొహం పెడమొహంగా ఉన్న చుట్టాలకు ఫోన్ చేసేటప్పుడు, తెలుగైనా ఇంగ్లిషైనా, 'నేను'తో మొదలుపెడితే మంచిది.