వానకోయల

మా మాదిగపల్లె ఊరికి పల్లంలో ఉంటది. కృష్ణా డెల్టాలో మాది. కట్ట మీద కామందుల మేడలు, కట్ట దిగితే మురుగుకాల్వ, దాని పక్కన మేం. వాన పడితే ఊరి నీళ్ళన్నీ మా గుమ్మాల్లోకే. నీళ్ళతో బాటు కప్పలు, కప్పల వెనక పాములు. అ ఆలు దిద్దకముందే నాకు పాముల పేర్లు వచ్చు. ఒంటిమీద పసుపుపచ్చ గీతలు రెండు తలకాణ్ణించి తోకదాకా పోతే వానకోయల. గళ్ళు గళ్ళుగా ఉండి, కదిలిస్తే మెడ చదును చేసి నాగుపాములా బెదిరించేది నీరుకట్టు. పొడుగ్గా సర్రున పోయేది జెర్రిపోతు. వీటితో ప్రాణభయం లేదు. పొయ్యికాడ వానకోయల కనబడితే మా నాయినమ్మ 'పోవే తల్లీ, నా కూడు ఉడకనీ' అని పుల్లతో పక్కకి తోసేది.

మా నాయన మాత్రం పాముల్ని చంపేవాడు. అది ఆయన పాలేరుతనంలో ఒక భాగం. జీతం మాట్లాడుకునేటప్పుడు ఎవరూ ఆ మాట ఎత్తరు. గొడ్లచావిడి ఊడవాలి, చేలో నీళ్ళు కట్టాలి, కామందు ఇంట్లో పాము దూరితే కర్ర పట్టుకుని పరిగెత్తాలి. నాగులచవితినాడు ఆ ఇంటివాళ్ళే పుట్టలో పాలు పోసేవాళ్ళు. ఆ పుట్ట దరిదాపుల్లోకి మమ్మల్ని రానిచ్చేవాళ్ళు కాదు. తెల్లారి వంటింట్లో పాము కనబడితే 'ఆ పాపం మాకెందుకురా, నువ్వు కొట్టు' అని కబురు. ఎంత తెలివి చూడండి! పుణ్యం వాళ్ళకి, పాపం మా నాయనకి. దొడ్డిగుమ్మంలోంచి లోపలికి పోయి, కొట్టి, కర్రకి వేలాడేసుకుని మళ్ళీ దొడ్డిగుమ్మంలోంచే వచ్చేవాడు. ఆయన కొట్టినవి చాలామటుకు నీరుకట్లూ, జెర్రిపోతులే. 'దీనికి విషం లేదయ్యా' అని ఒకసారి చెప్పాడంట. 'నీకేం తెలుసురా' అన్నారంట.

1998 వానాకాలంలో మా చెల్లి పోయింది. ఆరేళ్ళది. ఇంట్లో మంచం ఒకటే, అది నాయినమ్మది. మిగతా అందరం నేల మీద చాపేసుకుని పడుకునేవాళ్ళం. తెల్లవారుజామున 'కడుపులో నొప్పే అమ్మా' అని లేచింది. ఒంటిమీద గాటు లేదు, వాపు లేదు, నెత్తురు లేదు. అమ్మ వాము నమిలించింది. కాసేపటికి కనురెప్పలు వాలిపోతుంటే నిద్రనుకున్నాం. మాట ముద్దముద్దగా వచ్చాక నాయన కామందు ఇంటికి పరిగెత్తాడు. దమ్ము పని ఉంది, ట్రాక్టరు ఇవ్వడం కుదరదన్నారు. రిక్షాలో ఆస్పత్రికి చేరితే, అజీర్తి అని ఒక సూది పొడిచి పంపించారు. దారిలోనే అయిపోయింది. ఇంటికొచ్చి చాప ఎత్తితే గోడవార కట్లపాము. నల్లటి ఒళ్ళు, అడ్డంగా సన్నటి తెల్లకట్లు.

నాయన దాన్ని కొట్టలేదు. కర్ర చేతిలోనే ఉంది. అట్లా చూస్తూ నిలబడ్డాడు. పక్కింటి మావ వచ్చి కొట్టాడు.

డిగ్రీలో నేను జువాలజీ తీసుకున్నాను. ఒకరోజు లెక్చరరు చెప్పుకుంటూ పోతున్నాడు: కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద నిద్రపోయేవాళ్ళని కరుస్తుంది, కాటు నొప్పి తెలియదు, గుర్తు కనపడదు, కడుపునొప్పి వస్తుంది, రెప్పలు వాలిపోతాయి, చివరికి ఊపిరి ఆగిపోతుంది. ఒక్కొక్కటీ మా చెల్లిదే. నేను నోట్సు రాయలేకపోయాను. పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది, వదిలేశాను.

2020లో వచ్చిన ఒక అధ్యయనం లెక్క తేల్చింది. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో చచ్చిపోయినవాళ్ళు సుమారు 12 లక్షలు. ఎక్కువమంది పల్లెటూళ్ళవాళ్ళు, ఎక్కువ చావులు వానాకాలంలో. కాటుకి విరుగుడు మందు ఉంది. దానికి కావలసిన విషాన్ని తీసి ఇస్తున్నది ఎవరనుకున్నారు? మద్రాసు దగ్గర ఇరుళ్ళు. 1978లో సహకార సంఘం పెట్టుకున్నారు. వాళ్ళల్లో ఇద్దరికి, వడివేల్ గోపాల్‌కీ మాసి సడయన్‌కీ, 2023లో పద్మశ్రీ ఇచ్చారు. మా నాయనకి ఈ మాట చెబితే 'చంపకుండా పట్టుకుంటే బిరుదులిస్తారా!' అని చాలాసేపు నవ్వాడు.

మొన్న వానలకి మా బళ్ళో మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాల పక్కన పాము వచ్చింది. పిల్లలు కేకలు. తోటి మాస్టారు ఒకాయన వరండాలో కుర్చీ ఎక్కి, 'మీకు అలవాటే గదండీ, కొట్టండి' అన్నాడు. మీకు అంటే ఎవరికో ఆయనా విప్పి చెప్పలేదు, నేనూ అడగలేదు. దగ్గరికి పోయి చూస్తే వానకోయల. జానెడున్నర పిల్ల. కర్రతో బకెట్లోకి మళ్ళించి పిల్లలకి దూరాన్నుంచే చూపించాను. నిలువు గీతలుంటే ఇది, అడ్డకట్లుంటే దగ్గరికి పోవద్దు, ఏదో తెలియకపోతే అసలే పోవద్దు. ఎవరినన్నా కరిస్తే మంత్రాలొద్దు, కోయొద్దు, తాడు బిగించొద్దు, 108కి ఫోను చేసి పెద్దాస్పత్రికి పోవాలి అని రెండుసార్లు చెప్పించాను. అమెరికాలో ఇళ్ళ చుట్టూ తిరిగే గార్టర్ పాము దీనికి దూరపు చుట్టమని కూడా చెప్పాను. ఆ ముక్క వాళ్ళకి భలే నచ్చింది. తర్వాత కాల్వగట్టున వదిలేశాం.

సాయంత్రం ఇంటికొచ్చి నాయనకి చెప్పాను. ఆయన చూపు ఇప్పుడు సరిగా ఆనదు.

'నిలువు గీతలేనా? సరిగా చూశావా?'

'చూశాను నాయనా.'

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: 'మీ బడిపిల్లల్లో మంచం మీద పడుకునేవాళ్ళు ఎంతమందిరా?'

తెల్లారి హాజరు వేశాక అడిగాను. ముప్ఫయి ఒక్కమందిలో తొమ్మిది చేతులు లేచాయి.